తలకిందులైన యాంటీబయోగ్రామ్: క్షయ మందులకు లొంగని జ్వరంతో వచ్చిన ఒక డెల్టా రైతు

గోదావరి డెల్టాలో వరి పండించే 48 ఏళ్ల కౌలు రైతు ఒకరు అక్టోబరు నెలాఖరులో మా జనరల్ మెడిసిన్ వార్డులో చేరారు. అప్పటికి ఆయనకు జ్వరం మొదలై రెండు నెలలు దాటింది. ఆరు వారాలుగా క్షయ మందులు క్రమం తప్పకుండా వాడుతున్నా జ్వరం తగ్గకపోగా, ఎడమ డొక్కలో నొప్పి, మూత్రం పోయడంలో ఇబ్బంది కొత్తగా తోడయ్యాయి. బరువు 66 కిలోల నుంచి 54 కిలోలకు పడిపోయింది. చివరికి తేలిన జబ్బు మెలియాయిడోసిస్, తడి నేలలో బతికే ఒక క్రిమి వల్ల వచ్చేది. వైద్య విద్యార్థులు పాఠ్యపుస్తకంలో ఒక పేరా చదివి వదిలేసే జబ్బు ఇది. తమ అనుభవంలో ఒక్క కేసు కూడా ఎదురు కాలేదని చాలామంది వైద్యులు అనుకుంటూ ఉంటారు. ఈ రోగి విషయంలో నిర్ధారణకు కావలసిన ఆధారం ప్రయోగశాల పంపిన కాగితం మీదే, క్రిమి ఏ మందుకు లొంగుతుందో, ఏ మందుకు లొంగదో చూపే యాంటీబయాటిక్‌ల పట్టికలో (యాంటీబయోగ్రామ్‌లో), ఎవరైనా చూడగలిగేలా ఉంది. ఆ పట్టికను ఎలా చదివామో చెప్పడానికే ఈ కేసును వివరంగా రాస్తున్నాను. రోగి అనుమతి తీసుకుని, ఆయనను గుర్తుపట్టగల వివరాలను తొలగించాను.

జబ్బు నడిచిన తీరు

ఆయనకు ఏడేళ్లుగా మధుమేహం ఉంది. గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ మాత్రలు చేతిలో డబ్బున్న నెలల్లో వేసుకోవడం, లేని నెలల్లో మానేయడం అలవాటు. రక్తపోటుకు టెల్మిసార్టాన్ వాడుతున్నారు. వారానికి రెండు మూడు సార్లు మద్యం తాగుతానని తానే చెప్పారు. జూలై చివరి నుంచి ఆగస్టు మధ్య వరకు దమ్ము చేయడం, నారు పీకడం, నాట్లు వేయించడం వంటి పనుల్లో మోకాలి లోతు బురదలో చెప్పులు లేకుండా గడిపారు. ఆ రోజుల్లో కాలికి ఏమైనా గాయమైందా అని అడిగితే, "ముల్లో గాజుపెంకో గుచ్చుకోని రోజేదండీ" అన్నారు. ఈ జబ్బు చరిత్ర అడిగేటప్పుడు ఈ ప్రశ్నకు వచ్చే జవాబును ఆధారంగా తీసుకోలేం. గాయం గుర్తులేదన్నంత మాత్రాన జబ్బును పక్కన పెట్టకూడదు, గాయమైందన్నంత మాత్రాన నిర్ధారణ కాదు. బురదలో పని, అదుపులో లేని చక్కెర, వానాకాలం అనే మూడూ కలిసి ఉన్నాయా లేదా అన్నదే ముఖ్యం.

ఆగస్టు చివరిలో చలితో కూడిన జ్వరం వచ్చింది. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర వైడాల్ పరీక్ష చేయించి, టైఫాయిడ్ అని కొన్నాళ్లు సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్లు ఇచ్చారు. జ్వరం కొంత నెమ్మదించి మళ్లీ తిరగబెట్టింది, దగ్గు మొదలైంది. సెప్టెంబరు మధ్యలో దగ్గరి పట్టణంలో ఒక ఆసుపత్రిలో ఛాతీ ఎక్స్‌రే తీస్తే ఎడమ ఊపిరితిత్తి పైభాగంలో మచ్చ కనిపించింది. కళ్లె పరీక్షలో క్షయ క్రిములు లేవు, క్షయ క్రిమి జన్యువును వెతికే సీబీనాట్ పరీక్షలోనూ లేవు. అయినా మధుమేహం, బరువు తగ్గడం, పైభాగపు మచ్చ చూసి, లక్షణాల ఆధారంగా క్షయ అని నమోదు చేసి నాలుగు మందుల చికిత్స ప్రారంభించారు. ఆ నిర్ణయాన్ని నేను తప్పుపట్టలేను. మన దేశంలో అలాంటి ఎక్స్‌రేతో వచ్చే పదిమందిని వరుసగా చూసే వైద్యుడు మొదట క్షయనే తలచుకుంటాడు, జాతీయ కార్యక్రమం కూడా అందుకు అవకాశమిస్తోంది. అయితే పరీక్షల్లో క్రిమి దొరక్కుండా మొదలుపెట్టిన చికిత్సకు రోగి ఎలా స్పందిస్తున్నాడన్నది నాలుగో వారంలోపు తిరిగి చూసుకోవాలి; ఇక్కడ అది జరగలేదు.

ఈలోగా ఎడమ చంక కింద ఒక గడ్డ లేచి, చితికి, చీము కారింది. ఆ చీమును కల్చర్‌కు, అంటే క్రిమిని పెంచి గుర్తించే పరీక్షకు, పంపారు. వచ్చిన రిపోర్టులో "సూడోమోనాస్ జాతి, బహుశా బయటి నుంచి కలిసినది కావచ్చు" అని ఒక్క వాక్యం ఉంది, యాంటీబయాటిక్ పట్టిక లేదు. రోగి భార్య ఆ కాగితాలన్నింటినీ తేదీల వరుసలో ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టి తెచ్చారు. పాత కాగితాలను చదవకుండా కొత్త పరీక్షలు రాసే తొందర మన ఆసుపత్రుల్లో ఎక్కువ. ఈ రోగికి ఆ ఒక్క వాక్యం తరువాత ఎంతో ఉపయోగపడింది.

చేరిన రోజు పరిస్థితి

చేరేటప్పుడు జ్వరం 103 డిగ్రీలు, నాడి నిమిషానికి 118, రక్తపోటు 96/60, శ్వాస నిమిషానికి 28, ఆక్సిజన్ 92 శాతం ఉన్నాయి. మనిషి స్పృహలో ఉన్నారు కానీ బాగా నీరసించారు. ప్లీహం వేలికి తగులుతూ, నొక్కితే నొప్పిగా ఉంది. చంక కింది పుండు ఇంకా ఆరలేదు. గుండెలో అసాధారణ శబ్దాలేమీ లేవు. మూత్రం సన్నగా, మంటతో వస్తోందని చెప్పినందువల్ల మలద్వార పరీక్ష చేస్తే, ప్రోస్టేట్ ఉబ్బి, ముట్టుకుంటే ఓర్చుకోలేనంత నొప్పిగా ఉంది. జ్వరంతో వచ్చిన మధుమేహ రోగుల్లో ఈ పరీక్షను సిగ్గువల్లనో తీరికలేకనో వదిలేయడం మామూలైపోయింది. 48 ఏళ్ల మగమనిషికి నెలల తరబడి జ్వరం ఉండి, మూత్రం ఇబ్బంది కూడా ఉంటే దీన్ని వదిలేయడానికి కారణం కనబడదు.

రక్తపరీక్షల్లో హిమోగ్లోబిన్ 8.6, తెల్లకణాలు 17,400, చక్కెర 418, మూడు నెలల సగటు చక్కెరను చూపే హెచ్‌బీఏ1సీ 11.8, క్రియాటినిన్ 1.7, ఆల్బుమిన్ 2.4 వచ్చాయి. కీటోన్లు లేవు. హెచ్‌ఐవీ, మలేరియా, స్క్రబ్ టైఫస్ పరీక్షలు నెగటివ్. సీటీ స్కాన్‌లో ఎడమ ఊపిరితిత్తి పైభాగంలో చిన్న గుహతో కూడిన గట్టిదనం, ప్లీహంలో చెల్లాచెదురుగా అనేక చిన్న చీముగడ్డలు, ప్రోస్టేట్‌లో సుమారు 4 సెంటీమీటర్ల చీముగడ్డ కనిపించాయి. రెండు చేతుల నుంచి విడివిడిగా రక్తం తీసి కల్చర్‌కు పంపిన తరువాతే సెఫ్ట్రియాక్సోన్, మెట్రోనిడజోల్ మొదలుపెట్టాము. ఇన్సులిన్‌ను సిరంజి పంపు ద్వారా ఇచ్చాము.

ఊపిరితిత్తి, ప్లీహం, ప్రోస్టేట్, చర్మం అనే నాలుగు చోట్ల ఒకే కాలంలో చీము చేరిందంటే క్రిమి రక్తం ద్వారా ప్రయాణించిందని అర్థం. అలా చేసేవి ఏవని వార్డు రౌండ్లలో చర్చించాము. స్టెఫైలోకాకస్ ఆరియస్ గుండె కవాటాల మీద చేరి ఇలా చీమును వెదజల్లగలదు, కానీ ఎకో పరీక్షలో కవాటాలు శుభ్రంగా ఉన్నాయి. టైఫాయిడ్ క్రిమి ప్లీహంలో గడ్డలు చేయగలదు, కానీ ఊపిరితిత్తిలో గుహ, ప్రోస్టేట్‌లో చీము దాని పద్ధతి కాదు. మధుమేహ రోగుల్లో క్లెబ్సియెల్లా కాలేయంలో గడ్డ చేసి అక్కడి నుంచి కళ్లకు, ఊపిరితిత్తులకు, ప్రోస్టేట్‌కు పాకుతుంది, కానీ ఇక్కడ కాలేయం మామూలుగా ఉంది. నోకార్డియా ఊపిరితిత్తిని, చర్మాన్ని పట్టగలదు. పశువుల నుంచి సోకే బ్రూసెల్లా కోసం గొర్రెలు, పశువుల సంగతి అడిగాము, పాడి లేదు. క్షయ ఒంటినిండా పాకితే ఇవన్నీ సాధ్యమే కానీ, క్షయతో తెల్లకణాలు 17,400కు పెరిగి, రక్తపోటు పడిపోవడం అరుదు. మెలియాయిడోసిస్ పేరు ఆ రోజు చర్చలోకి వచ్చింది. వచ్చింది కాబట్టే ప్రయోగశాలకు ఫోన్ చేసి, ఈ రోగి కల్చర్ ప్లేట్లను భద్రతా క్యాబినెట్‌లోనే తెరవమని, రెండు రోజులకే పారేయవద్దని చెప్పగలిగాము.

కాగితం చెప్పిన సంగతి

రక్తపు సీసాలు రెండూ మర్నాటికే పాజిటివ్ అయ్యాయి. గ్రామ్ రంగుల్లో ఎర్రటి (అంటే గ్రామ్ నెగటివ్) చిన్న కడ్డీలు, రెండు కొనల్లో ముదురుగా, మధ్యలో ఖాళీగా, పిన్నీసు ఆకారంలో కనిపించాయి. మెరోపెనెమ్‌కు మార్చాము. మొదట వచ్చిన తాత్కాలిక రిపోర్టులో మళ్లీ అదే "సూడోమోనాస్ జాతి" అన్న మాట ఉంది. తరువాత ఆటోమేటిక్ యంత్రం "బర్ఖోల్డేరియా సెపేషియా" అని పేరిచ్చింది. ఈ జబ్బుకు కారణమైన బర్ఖోల్డేరియా సూడోమాలియైని యంత్రాలు దాని దాయాది పేరుతో పిలవడం ప్రపంచమంతటా తెలిసిన సమస్యే. యంత్రం జ్ఞాపకంలో ఉన్న జాబితాను బట్టి అది పేరు చెబుతుంది.

అసలు విషయం యాంటీబయాటిక్ పట్టికలో ఉంది. సెఫ్టాజిడైమ్, మెరోపెనెమ్, కోట్రైమాక్సజోల్, డాక్సీసైక్లిన్, అమాక్సిసిలిన్-క్లావులనేట్ పనిచేస్తాయి. జెంటామైసిన్, ఆమికాసిన్, కొలిస్టిన్ పనిచేయవు. రాత్రి డ్యూటీలో ఉన్న పీజీ విద్యార్థి కొలిస్టిన్ ఎదుట "రెసిస్టెంట్" అన్న మాట చూసి, ఏ మందుకూ లొంగని ఐసీయూ క్రిమి అనుకుని కంగారుపడ్డారు. ఐసీయూల్లో కొలిస్టిన్ చివరి ఆయుధమైపోయిన ఈ రోజుల్లో ఆ కంగారు సహజమే. కానీ మామూలు సూడోమోనాస్ ఎరుజినోసా గుణాన్ని ఒకసారి గుర్తు చేసుకుంటే ఈ కాగితం ఎంత వింతదో తెలుస్తుంది. అమాక్సిసిలిన్-క్లావులనేట్‌కు, కోట్రైమాక్సజోల్‌కు ఎరుజినోసా పుట్టుకతోనే లొంగదు. కొలిస్టిన్‌కు సాధారణంగా లొంగుతుంది. ఇక్కడ అన్నీ తలకిందులుగా ఉన్నాయి. సాదా గొంతునొప్పికి రాసే మాత్రకు లొంగుతూ, ఐసీయూలో దాచుకున్న మందును లెక్కచేయని గ్రామ్ నెగటివ్ కడ్డీ, ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ పరీక్షలో పాజిటివ్ కూడా అయితే, మొదట సూడోమాలియైనే అనుమానించాలి. యంత్రం చెప్పిన సెపేషియాకు కూడా ఈ పట్టిక సరిపోదు, ఎందుకంటే అది అమాక్సిసిలిన్-క్లావులనేట్‌కు లొంగడం అసాధారణం.

మా మైక్రోబయాలజిస్టు మేడమ్, నేను ఆ కాగితాన్ని, పాత ఆసుపత్రి నుంచి వచ్చిన చీము రిపోర్టును పక్కపక్కన పెట్టుకుని చూశాము. మూడో రోజుకు, క్రిములను పెంచే మెకాంకీ ప్లేటు మీద మొదట రంగులేకుండా కనిపించిన చుక్కలు గులాబీ రంగుకు మారి, పొడిబారి, ముడతలు పడ్డాయి. ఈ క్రిమిని గుర్తించే లేటెక్స్ పరీక్ష పాజిటివ్ వచ్చింది. క్రిమిని పెద్ద ప్రయోగశాలకు పంపితే, ఈ క్రిమిని గుర్తుపట్టించే టైప్ 3 స్రావ వ్యవస్థ జన్యువు కోసం చేసే పీసీఆర్ పరీక్షలో నిర్ధారణ అయింది. పీసీఆర్ ఫలితం చేరేసరికి చికిత్స రెండో వారంలో పడింది. ఆ ఫలితం కోసం మేము ఆగలేదు, ఆగకూడదు కూడా.

ప్రయోగశాల గురించి ఒక మాట చెప్పాలి. ఈ క్రిమి ప్లేటు మీద మట్టివాసన వేస్తుంది. పాత తరం టెక్నీషియన్లకు ప్లేట్లను వాసన చూసి క్రిమిని పోల్చుకునే అలవాటు ఉంది. ఈ క్రిమి గాలి ద్వారా ఊపిరితిత్తుల్లోకి చేరగలదు కాబట్టి అది చాలా ప్రమాదకరం. ఎవరెవరు తెరచిన బల్ల మీద ప్లేటును పట్టుకున్నారో విచారించి, ప్రమాదం ఎక్కువనిపించిన ఒకరికి 21 రోజులపాటు కోట్రైమాక్సజోల్ ఇచ్చారు. వార్డులో మాత్రం నర్సులకు, కుటుంబానికి మామూలు జాగ్రత్తలు చాలని చెప్పాము. మనిషి నుంచి మనిషికి సోకడం అత్యంత అరుదు.

చికిత్సలో నిర్ణయాలు

మొదటి నిర్ణయం క్షయ మందులు ఆపడం. జిల్లా క్షయ విభాగంతో మాట్లాడి, కళ్లె, ప్రోస్టేట్ చీములపై సీబీనాట్ మళ్లీ చేయించి, రెండూ నెగటివ్ వచ్చాక ఆపాము. ఇది కేవలం అనవసరమైన మాత్రలు తగ్గించడానికి చేసింది కాదు. రిఫాంపిసిన్ కాలేయంలోని ఎంజైములను ఉసికొల్పి గ్లిమెపిరైడ్‌ను త్వరగా ఖర్చు చేయిస్తుంది. అంటే ఆ ఆరు వారాల్లో ఆయన చక్కెర మాత్రలు అరకొరగానైనా వేసుకున్న రోజుల్లో కూడా గ్లిమెపిరైడ్ ఫలితం పూర్తిగా దక్కి ఉండదన్నమాట. చక్కెర పెరగడం క్రిమికి కలిసి వచ్చింది. అదే రిఫాంపిసిన్ కోట్రైమాక్సజోల్ మోతాదును కూడా రక్తంలో తగ్గిస్తుంది. ఆపిన తరువాత కూడా ఆ ప్రభావం సుమారు రెండు వారాలు ఉంటుంది కాబట్టి ఆ గడువులో కోట్రైమాక్సజోల్ మోతాదులో ఎలాంటి కోతా పెట్టలేదు.

రెండోది, ఏ చీమును బయటికి తీయాలి, దేన్ని వదిలేయాలి అన్నది. ప్లీహంలోని చిన్న గడ్డలు మందుతోనే కరుగుతాయి. వాటి జోలికి వెళ్లలేదు, ప్లీహాన్ని తీసేయమన్న సూచనను ఒప్పుకోలేదు. ప్రోస్టేట్ గడ్డ అలా కాదు. అంత పెద్ద గడ్డలోకి మందు సరిగా చేరదు. యూరాలజిస్టు అల్ట్రాసౌండ్ సాయంతో మలద్వారం వైపు నుంచి సూదితో చీము లాగారు. అదే క్రిమి పెరిగింది. మూత్రపు ఇబ్బంది ఆ మర్నాటి నుంచే తగ్గింది. ఉత్తర ఆస్ట్రేలియాలో ఈ జబ్బు సోకిన మగవారిలో ప్రోస్టేట్ చీముగడ్డలు గణనీయంగా కనిపిస్తాయి, అక్కడ అందరికీ కడుపు స్కాన్ చేస్తారు. థాయిలాండ్ పిల్లల్లో చెవి కింద పరోటిడ్ గ్రంథి చీము పట్టడం ఎక్కువ. మన దగ్గర ఏ అవయవం ఎక్కువగా దెబ్బతింటుందో చెప్పాలంటే ముందు మనం వెతకడం మొదలుపెట్టాలి.

మూడోది, మందు, దాని కాలం. చికిత్సను రెండు దశలుగా ఇవ్వాలి. మొదటి దశలో సెఫ్టాజిడైమ్ కానీ మెరోపెనెమ్ కానీ రక్తనాళంలోకి కనీసం 10 నుంచి 14 రోజులు ఇస్తారు. లోపలి అవయవాల్లో చీముంటే 4 వారాలు, ఎముకకు పడితే 6, మెదడుకు పడితే 8 వారాలు. రెండో దశలో కోట్రైమాక్సజోల్ మాత్రలు 3 నెలలు, ఎముక, మెదడు విషయాల్లో 6 నెలలు. ఈ చికిత్సకు సెఫ్టాజిడైమ్ ఆధారమైన తీరు ప్రస్తావించదగినది. ఈశాన్య థాయిలాండ్‌లోని ఉబోన్ రాచథానిలో జరిగి, 1989లో ప్రచురితమైన పరీక్షలో, అంతకుముందు వాడే పాత మందుల కలయికతో 74 శాతంగా ఉన్న మరణాలు సెఫ్టాజిడైమ్‌తో 37 శాతానికి దిగాయి. మా రోగికి రక్తపోటు తక్కువగా ఉన్నందువల్ల మెరోపెనెమ్‌తోనే మొదలుపెట్టి, క్రియాటినిన్ పెరిగి ఉన్నా మొదటి రెండు రోజులు పూర్తి మోతాదే ఇచ్చి, మూత్రపిండాలు తేరుకున్నాక రెండో వారంలో సెఫ్టాజిడైమ్‌కు మార్చాము. ప్రోస్టేట్‌లోకి బాగా చేరుతుంది కాబట్టి కోట్రైమాక్సజోల్‌ను మొదటి దశ నుంచే జతచేశాము. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్నవారిలో ఆ మాత్ర ఎర్రకణాలను చిట్లించవచ్చు కాబట్టి, మొదలుపెట్టే ముందు ఆ పరీక్ష చేయించాము.

ఈ చికిత్సలో అన్నిటికన్నా కష్టమైన పని ఓపిక పట్టడం. సరైన మందు పడినా జ్వరం తగ్గడానికి సగటున తొమ్మిది రోజులు పడుతుంది, లోపల చీము ఉంటే ఇంకా ఎక్కువ. మా రోగికి వారం దాటినా సాయంత్రం పూట 101 డిగ్రీలు వస్తూనే ఉంది. టైగిసైక్లిన్ చేర్చమని, ఫంగస్ మందు ఇవ్వమని, క్షయ మందులు మళ్లీ మొదలుపెట్టమని సలహాలు వచ్చాయి. రక్తపోటు నిలకడగా ఉంది, తెల్లకణాలు తగ్గుతున్నాయి, రక్తపు కల్చర్ రెండో వారంలో శుభ్రంగా వచ్చింది; కాబట్టి జ్వరమాని ఒక్కటే చెబుతున్న మాట విని మందు మార్చలేదు. పన్నెండో రోజుకు జ్వరం విడిచింది. ఎడతెగని జ్వరం ఉన్నప్పుడు చేయవలసింది తీయగలిగిన చీము ఇంకెక్కడైనా మిగిలిందా అని మళ్లీ స్కాన్ చేయడం, కల్చర్ మళ్లీ పంపడం. మేము రెండూ చేశాము.

మూడో వారంలో రక్తంలో పొటాషియం 5.7కు పెరిగింది. కోట్రైమాక్సజోల్‌లోని ట్రైమెథోప్రిమ్ పొటాషియాన్ని మూత్రంలోకి పోనివ్వదు. టెల్మిసార్టాన్ కూడా అదే పని చేస్తుంది. ఇలాంటప్పుడు సామాన్యంగా కోట్రైమాక్సజోల్‌నే ఆపేస్తారు. మేము టెల్మిసార్టాన్ ఆపి, ఆమ్లోడిపైన్ ఇచ్చి, పొటాషియాన్ని రెండు రోజులకోసారి చూసుకుంటూ కోట్రైమాక్సజోల్ కొనసాగించాము. రక్తపోటుకు ప్రత్యామ్నాయాలు ఎన్నో ఉన్నాయి, ఈ క్రిమికి రెండో దశలో ఇంత నమ్మదగిన మాత్ర మరొకటి లేదు. డాక్సీసైక్లిన్, అమాక్సిసిలిన్-క్లావులనేట్ ఉన్నాయి కానీ దీని తరువాతే.

ఇంటికి పంపేటప్పుడు రోగి భార్య అడిగిన ప్రశ్న సబబైనది. "ఇంత పెద్ద జబ్బుకి ఈ బిళ్లలేనాండీ? ఇవి విరేచనాలకి ఇచ్చేవే కదా" అన్నారు. ఖరీదైన ఇంజెక్షన్లు చూసిన కళ్లకు కొద్ది రూపాయల మాత్ర మీద గురి కుదరదు, అక్కడే చికిత్స మధ్యలో ఆగిపోతుంది. రోజూ రెండు పూటలా పెద్ద మాత్రలు ఒకటిన్నర చొప్పున మూడు నెలలు వేసుకోవాలని, ఇది 40 నుంచి 60 కిలోల బరువున్నవారికి నిర్ణయించిన మోతాదు అని, మామూలు మోతాదు కన్నా ఎక్కువ కాబట్టి ఊళ్లో ఎవరైనా "ఇదేంటి ఇంత" అని తగ్గించమంటే వినవద్దని ఇద్దరికీ విడివిడిగా చెప్పి, ఫోలిక్ యాసిడ్ మాత్రతో పాటు కాగితం మీద రాసి ఇచ్చాము. ఒంటి మీద దద్దుర్లు, నోటి పూత వస్తే అదే రోజు రావాలని చెప్పాము.

ఈ జబ్బు మన నేలకు ఎంత పాతది

1911లో రంగూన్ జనరల్ ఆసుపత్రిలో ఆల్ఫ్రెడ్ విట్మోర్, సి.ఎస్. కృష్ణస్వామి శవపరీక్షల్లో ఒక కొత్త క్రిమిని కనుగొని, మరుసటి ఏడాది ఇండియన్ మెడికల్ గెజిట్‌లో ప్రకటించారు. వారి రోగుల్లో చాలామంది మార్ఫిన్ సూదులకు అలవాటుపడిన నిరుపేదలు. కాకినాడ, విశాఖ రేవుల నుంచి వేల సంఖ్యలో తెలుగు కూలీలు ఓడలెక్కి రంగూన్ పోయిన రోజులవి. ఆ కాలంలో అక్కడి నుంచి జ్వరంతో తిరిగొచ్చిన వారిలో ఎందరిని ఏ పేరుతో పూడ్చారో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు, కానీ ఆలోచన రాకమానదు. క్రిమి కోసం రంగూన్ దాకా పోనవసరం లేదన్నది తరువాత తేలింది. అది తడి నేలలో, ముఖ్యంగా ఒక అడుగు లోతున బతుకుతూ, వానలకు నీటితో పాటు పైకి వస్తుంది. చర్మంపై గాయం గుండా, గాలివానలో పీల్చే తుంపర్ల గుండా, కాచని నీటి గుండా ఒంట్లో చేరుతుంది. మధుమేహం ఉన్నవారికే ఇది ఎక్కువగా సోకుతుంది. మద్యం, మూత్రపిండాల జబ్బు, థలసీమియా, స్టెరాయిడ్లు కూడా ముప్పును పెంచుతాయి.

2016లో వెలువడిన ఒక అంతర్జాతీయ అంచనా ప్రకారం ప్రపంచంలో ఏటా సుమారు 1,65,000 మందికి ఈ జబ్బు సోకి, 89,000 మంది మరణిస్తున్నారు. అందులో దక్షిణాసియా వాటా 44 శాతం. వరి, మధుమేహం, వానలు మూడూ పుష్కలంగా ఉన్న మన తీరప్రాంతంలో నమోదయ్యే కేసుల సంఖ్యను ఈ అంచనా పక్కన పెట్టి చూస్తే రెండిటికీ పొంతన లేదు. వేలూరు, మణిపాల్ వైద్య కళాశాలల్లో ఏళ్ల తరబడి కేసులు నమోదవుతున్నాయి. అక్కడి నేల ప్రత్యేకమైనదని నేను అనుకోను, అక్కడి ప్రయోగశాలలు వెతుకుతున్నాయి. 2021లో అమెరికాలో ఏనాడూ విదేశాలకు వెళ్లని నలుగురికి ఈ జబ్బు సోకి, ఇద్దరు చనిపోయారు. జన్యు పరీక్షల్లో క్రిమి దక్షిణాసియాదని తేలి, వెతగ్గా వెతగ్గా భారతదేశంలో తయారైన ఒక గది సువాసన స్ప్రే సీసాలో అది దొరికింది. 2025 సెప్టెంబరులో గుంటూరు జిల్లా తురకపాలెంలో వరుస మరణాల సందర్భంగా అనుమానిత కారణంగా ఈ జబ్బు పేరు తెలుగు పత్రికలకెక్కింది. ఆ తరువాత కొన్నాళ్లు ప్రతి జ్వరానికీ ఈ పరీక్ష చేయమని జనం అడిగారు. ఆ ఆందోళన కన్నా, మధుమేహం ఉండి వారానికి పైగా జ్వరంతో వచ్చిన ప్రతి ఒక్కరికీ యాంటీబయాటిక్‌కు ముందు రక్తపు కల్చర్ పంపే అలవాటు ఎంతో మేలు.

నివారణ విషయంలో నాకు కొంత అసంతృప్తి ఉంది. థాయిలాండ్ మార్గదర్శకాలు రబ్బరు బూట్లు వేసుకోమంటాయి, నీరు కాచి తాగమంటాయి. మోకాలి లోతు దమ్ములో బూటు వేసుకున్న కాలు దిగబడి పైకి రాదు. ఆ సలహాను నేను మా రోగికి చెప్పలేకపోయాను. బదులుగా కాళ్ల మీద గాయాలున్న రోజుల్లో బురదలో దిగవద్దని, పని కాగానే సబ్బుతో కడుక్కోమని, ఇన్సులిన్ మానవద్దని చెప్పాను. వీటిలో నాకు గట్టి నమ్మకం ఉన్నది చివరిదాని మీదే.

ప్రస్తుత పరిస్థితి

మూడు నెలల మాత్రల కోర్సు ఆయన పూర్తి చేశారు. మధ్యలో ఒకసారి మాత్రలు అయిపోతే ఆశా కార్యకర్త ద్వారా తెప్పించుకున్నారు. కోర్సు ముగిశాక తీసిన స్కాన్‌లో ప్లీహంలో గడ్డలు లేవు, ప్రోస్టేట్ మామూలు పరిమాణానికి వచ్చింది, ఊపిరితిత్తిలో చిన్న మచ్చ మాత్రం మిగిలింది. హెచ్‌బీఏ1సీ 7.4కు దిగింది, బరువు 61 కిలోలకు పెరిగింది. ఈ జబ్బు తిరగబెట్టడానికి ప్రధాన కారణం మాత్రలు మధ్యలో మానేయడం. పూర్తిగా వాడినవారిలో అది తక్కువ, కానీ లేకపోలేదు. ఈ క్రిమి దేహంలో ఎంతకాలం దాక్కోగలదో చెప్పడానికి, రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా-థాయిలాండ్ ప్రాంతంలో బందీగా ఉన్న ఒక సైనికుడికి 62 ఏళ్ల తరువాత జబ్బు బయటపడిన ఉదంతం ఉంది. అందువల్ల మా రోగికి క్రిమి పేరు, పనిచేసే మందులు, పనిచేయని మందులు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసిన ఒక కార్డు ఇచ్చాము. ఎప్పుడు జ్వరం వచ్చినా, ఎక్కడ చూపించుకున్నా, ఇంజెక్షన్ వేయించుకోకముందే ఆ కార్డు చూపించి రక్తపు కల్చర్ అడగాలని చెప్పాము.